ఐదో తరం దగ్గర వచ్చిన దగ్గు

గోదావరిఖని చౌరస్తాలో జిరాక్సు షాపు మీది గదికి ఒక బోర్డు ఉంది. "పోయిన వస్తువులు, పోయిన మనుషులు, పాత రికార్డులు వెతికి పెట్టబడును. రెజీనా, రిటైర్డు టీచరు." ఈ మూడింటిలో టీచరమ్మ మనసు మూడో దాని మీదే ఎక్కువ. చర్చి బాప్తిస్మం పుస్తకాలు, తహసీలు ఆఫీసులో భూముల లెక్కలు రాసిన పహాణీలు, సమాధి రాళ్లు, ఎక్కడ పాత అక్షరం ఉంటే ఆమె కళ్లద్దాలు అక్కడికి పోతాయి. ఆమె సహాయకుడు మొగిలికి ఇదంతా పెద్ద వింత. బాయిలో, అంటే బొగ్గు గనిలో, ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరై దిగిపోయిన మనిషి. భూమిలోంచి బొగ్గు తీయడం తనకు తెలుసు. కాగితంలోంచి మనుషుల్ని తీయడం ఆమె దగ్గరే చూశాడు.

సోమవారం పొద్దున సంధ్యారాణి మెట్లెక్కి వచ్చింది. కాళ్లకున్న చెప్పుల్లో ఒకటి తనది, ఒకటి వాళ్లమ్మది.

"టీచరమ్మా, మా వంశం పోయింది!"

"అయ్యో, అందరా బిడ్డా?" అన్నాడు మొగిలి కుర్చీ జరుపుతూ.

"గట్ల కాదు కాకా. వంశం రాసిన పుస్తకం పోయింది."

నీళ్లు తాగి సంగతి చెప్పింది. బెల్లంపల్లి ప్రశాంత్, ఆమె ఒకే బడిలో పంతుళ్లు. ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెద్దలు సరేనన్నారు. ప్రశాంత్‌ను పెంచిన మేనత్త అనసూర్య మాత్రం అడ్డం తిరిగింది. ఆమె తన పుట్టింటి ఏడు తరాల పేర్లతో ఫ్లెక్సీ కొట్టించి, నడుమ బాయిలో పనిచేసి పోయిన తండ్రి బొల్లం ఓదెలు ఫోటో పెట్టించి ఇంటి ముందు కట్టుకున్న మనిషి. "మీ గాదెవాళ్లవి గూడ ఏడు తరాలు చూపెట్టున్రి. బుధవారం వస్త. ఒక్క తరం తప్పినా లగ్గం లేదు" అని చెప్పి పోయింది.

కాసిపేట దిక్కున ఊరూరూ తిరిగి ఇంటింటి పుట్టుకలు, చావులు రాసుకునే పటమాయన ఒకడున్నాడు. ఆదివారం పొద్దున ఆయన గాదెవాళ్ల పుస్తకం తెచ్చి, ఆనవాయితీ ప్రకారం ముంగిట్లో నిలబడి పాడి వినిపించాడు. పుస్తకాన్ని దేవుడి అర్రలో పెట్టారు. మధ్యాహ్నం అందరూ తిని చేతులు కడుక్కునేసరికి అది లేదు. పటమాయన అప్పటికే వేరే జిల్లాకు పోయాడు. ఫోను స్విచాఫ్.

"ఏడు తరాలు పూర్తిగ పాడిండా?" అని అడిగింది రెజీనా.

"యాడ పాడనిచ్చిన్రు? ఐదో తరం ఎత్తుకోంగనే మా తాతకు దగ్గొచ్చింది. నీళ్లు తెండ్రి, దవాఖానకు తీస్కపోండ్రి అని ఒకటే లొల్లి."

"ఎవరి మీద అనుమానం?"

"మా ఉపేందర్ బావ మీద. నన్ను చేసుకుంటనని పదేండ్ల సంది తిరుగుతుండు."

రెజీనా కాగితం మీద 'ఐదో తరం' అని రాసి కింద గీత కొట్టింది. మొగిలి ఆ గీతను గౌరవంగా చూశాడు.

వాళ్లు నస్పూర్‌లో సంధ్యారాణి ఇంటికి పోయేసరికి ఆమె తాత కిషన్ నిచ్చెన మీద నిలబడి వంటింటి రేకు సరిచేస్తున్నాడు. "మా మామకు ఎనభై ఆరేండ్లు. మొన్ననే కేకు కోసినం" అంది సంధ్యారాణి తల్లి శోభ గర్వంగా. తాత నిచ్చెన మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు.

ముందు ఉపేందర్‌ను పిలిచారు.

"పుస్తకం నువ్వు తీసినవా?"

"నాకెందుకు మేడం?"

"సంధ్యను చేసుకోవాలని."

"గది మా అత్త ఆశ. నేను చిన్నప్పటి సంది సంధ్య తిట్లు తిని పెరిగిన. ఆమె బెల్లంపల్లి పోతే నా చెవులు జెర సల్లబడతయి."

"చూసిన్రా, మీ ముందట్నే ఎట్ల మాట్లాడుతుండో!" అంది సంధ్యారాణి. వెనుకే నాలుగు తిట్లు పడ్డాయి. రెజీనా అనుమానంలోంచి ఉపేందర్ పేరును అక్కడికక్కడే కొట్టేసింది.

తాత అరుగు మీద కూర్చున్నాడు. "నాకు సదువు రాదు టీచరమ్మా. గా పుస్తకం నాకొకటే, బర్రెకొకటే."

"చిన్నప్పటి ముచ్చట్లు యాదికున్నయా కాకా?"

"ఏం యాదికుంటయి? రజాకార్ల లొల్లి నాడు నేను చంటిపిల్లగాన్ని. మా అవ్వ కొంగుల కట్టుకొని అడివిల దాక్కున్నదట."

"మీ నాయిన పేరు?"

తాతకు దగ్గొచ్చింది. అది మామూలు దగ్గు కాదు, పక్క క్వార్టరువాళ్లు కూడా బయటికొచ్చి చూశారు. శోభే బొగ్గుగని కంపెనీ కార్డు తెచ్చి చూపింది. గాదె కిషన్. తండ్రి మల్లయ్య. భార్య పోశవ్వ. పోశవ్వ చనిపోయి నాలుగేళ్లయింది.

గోడకు తాత డ్యూటీ టోపీ, బూట్లు వేలాడుతున్నాయి. టోపీ మీద వేలెడు దుమ్ము. ఎడమ బూటు మీద మాత్రం వేళ్ల ముద్రలు. అది మొగిలి కంట పడింది. "దిగిపోయి ఇరవై ఆరేండ్లయినా బూటు మీద ప్రేమ పోలే" అన్నాడు మెచ్చుకోలుగా. రెజీనా ఆ ముద్రలు ఒకసారి చూసి, కార్డు శోభకు తిరిగి ఇచ్చేసింది.

మంగళవారం ఇద్దరూ గాదెవాళ్ల సొంత దిక్కైన కాసిపేట తహసీలు ఆఫీసుకు పోయారు. సంపత్ అనే గుమాస్తా తుమ్ముకుంటూ పాత పహాణీల కట్టలు దించాడు. గంటన్నర తరువాత గాదె మల్లయ్య దొరికాడు. అతని రెండెకరాలు అతను పోయాక ఎవరికి మారాయో కూడా దొరికింది. 'కొడుకు లేనందున కూతురు పోశవ్వ పేరున' అని ఉంది.

మొగిలి రెండుసార్లు చదివి కుర్చీలో కూలబడ్డాడు. "టీచరమ్మా! మల్లయ్య బిడ్డ పోశవ్వ. కార్డుల మల్లయ్య కొడుకు కిషన్. కిషన్ పెండ్లాం పోశవ్వ. అంటే తోడబుట్టినదాన్ని... రామ రామ!"

"నిమ్మలంగ ఉండు మొగిలన్నా. రెండు కాగితాలు కొట్లాడుకున్నయంటే ఒకటి అబద్ధమాడుతున్నట్టు. అది సరేగాని, పెత్రమాస నాడు మీరు చచ్చిపోయినోళ్ల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇస్తరు గద. ఏ పేరు చెప్తరు?"

"ఏ పేరేంది, అసలు పేరే. తప్పు పేరు చెప్తే వాళ్లకు ముట్టది."

"అయితే జల్ది నడువు. బెల్లంపల్లి అయ్యగారిని చూడాలె."

అయ్యగారింటి నుంచి ఆమె నవ్వుకుంటూ బయటికి వచ్చింది. బస్సులో కూడా ఆ నవ్వు ఆగలేదు. ఆమె నవ్వితే కేసు తేలినట్టేనని మొగిలికి తెలుసు. ఎట్లా తేలిందో మాత్రం ఎప్పటిలాగే తెలియలేదు.

బుధవారం అనసూర్య పట్టుచీరలో దిగింది. వెంట ప్రశాంత్. రెజీనా అందరినీ చాప మీద కూర్చోబెట్టింది.

"పుస్తకం ఇల్లు దాటలే. మొగిలన్నా, ఆ ఎడమ బూటు దించు."

మొగిలి బూటులో చేయి పెట్టాడు. పాలిథిన్ కవరులో చుట్టిన పుస్తకం వచ్చింది. తాత దగ్గబోయాడు.

"దగ్గకు కాకా, ఇయ్యాల పాట లేదు" అంది రెజీనా. "చదువు రానాయిన పుస్తకం ఎందుకు దాస్తడని అందరనుకున్నరు. కాని పటమాయన రాసుడే కాదు, పాడతడు. చెవులుంటే చాలు. ఐదో తరంల ఏమున్నదో ఈయనకు ముందే ఎరుక." ఆమె పుస్తకం విప్పి చదివింది. మల్లయ్య కొడుకు కిషన్ పన్నెండేళ్లకు జ్వరంతో పోయాడని అందులో ఉంది.

"తాత పోయిండా?" అంది సంధ్యారాణి.

"కిషన్ పోయిండు. మీ తాత మల్లయ్యకు మేనల్లుడు. మల్లయ్యకు బాయిల కాలు ఇరిగితే కొడుక్కు నౌకరి ఇస్తమన్నరు. కొడుకు లేడు, పేరున్నది. ఆ పేరు మీద మేనల్లున్ని బాయిల దించిండు, బిడ్డ పోశవ్వనిచ్చి లగ్గం చేసిండు. మేనరికమే, తప్పేం లేదు. వయసు గూడ కిషన్‌దే. కార్డుల ఎనభై ఆరు. రజాకార్ల నాడు చంటిపిల్లగాడంటే డెబ్బై ఏడు దాటవు. నిచ్చెన దిగుడు చూసినప్పుడే నాకు అనుమానమొచ్చింది. అంతేనా కాకా?"

తాత తల వంచాడు. "బయటపడితే పింఛను ఆపి జైల్ల ఏస్తరని అరువై ఏండ్ల సంది ఇదే ఫికర్. పుస్తకం పొయ్యిల ఏద్దామనుకున్న. చెయ్యి రాలే. అండ్ల మా మామ ఉన్నడు. పోశవ్వ ఉన్నది."

అనసూర్య లేచింది. "పేరే దొంగపేరైనోళ్లతోని మాకు సంబంధమా? లే ప్రశాంత్."

"చాయ తాగుతున్న అత్తా" అన్నాడు ప్రశాంత్. కప్పు ఎప్పుడో ఖాళీ అయింది. సంధ్యారాణి చూపు ఆ ఖాళీ కప్పు మీదే ఉంది.

"పొండ్రి, కాని ఒక్క ముచ్చట చెప్పి పొండ్రి" అంది రెజీనా. "మొన్న పెత్రమాసకు మీ నాయినకు బియ్యం ఏ పేరు మీద ఇచ్చిన్రు? ఫ్లెక్సీ మీద ఓదెలు అని ఉన్నది. అయ్యగారికేం చెప్పిన్రు?"

ఒక చెప్పు తొడిగిన అనసూర్య రెండోది తొడగలేదు. కంపెనీకి ఏ పేరైనా చెప్పొచ్చు. చచ్చిపోయిన తండ్రికి అందాల్సిన బియ్యం దగ్గర అబద్ధం ఎవరాడతారు?

"లింగయ్య" అంది చిన్న గొంతుతో. "మేకల లింగయ్య. ఓదెలు మా నాయిన దోస్తు. ఆయిన బాయి చూసి భయపడి ఉరికితే, ఆయిన నౌకరి చిట్టి మీద మా నాయిన బాయిల దిగిండు."

"అంటే నేను బొల్లం కాదా?" అన్నాడు ప్రశాంత్.

తాత పకపకా నవ్వాడు. ఈసారి దగ్గు లేదు. "మరి జైలు?"

"మారుపేర్లోళ్లందరినీ జైల్ల ఏస్తే బెల్లంపల్లి, నస్పూర్ రెండూ ఖాళీ అయితయి కాకా" అన్నాడు మొగిలి.

అనసూర్యకు మాత్రం మరో గుబులు పట్టుకుంది. "పెద్దయ్యా, మరి నీ అసలు ఇంటిపేరేంది?"

నవ్వులు ఆగిపోయాయి. అదీ మేకలే అయితే పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ల వరస. ఇక లగ్గం మాటే లేదు. సంధ్యారాణి పోయి శోభ చేయి పట్టుకుంది. తాత పెదవులు ఒకటి రెండు సార్లు కదిలాయి. అరవై ఏళ్లుగా పలకని మాట గొంతులో దారి వెతుక్కుంది.

"ఆవుల" అన్నాడు. "ఆవుల ముత్యం."

"ఆవులు, మేకలు. దొడ్లు వేరే. సరిపాయె" అన్నాడు ఉపేందర్, అందరికన్నా ఎక్కువ సంతోషంగా.

అనసూర్య తొడిగిన చెప్పు విడిచి మళ్లీ చాప మీద కూర్చుంది. "చాయ పొయ్యి శోభా. షక్కర తక్కువ."

దసరా వెళ్లాక లగ్గం పత్రిక నమూనా వచ్చింది. టీచరమ్మ, మొగిలి ఉన్నప్పుడే సంధ్యారాణి దాన్ని తాత చేతిలో పెట్టి, ఆయన వేలు పట్టుకుని ఒక వరుస మీద ఆనించింది.

"గిది నేనేనా?"

"నువ్వే. ఆవుల ముత్యం గారి మనుమరాలు అని ఉన్నది."

తాత వేలు అక్కడే చాలాసేపు ఉంది. తరువాత కాగితమంతా వెతికింది.

"కిషన్ ఏడి?"

"ఆయిన పేరెందుకు తాతా ఇప్పుడు?"

"పెట్టున్రి బిడ్డా" అన్నాడు ముత్యం. "ముప్పై నాలుగేండ్లు నాతోని బాయిల దిగిండు. లగ్గానికి పిలువకుంటే ఎట్ల?"