అరచేతి మందు

వీర్రాజు ఉపశమని కనపడకుండా పోయిన రోజున ఇల్లంతా వెదికింది తాయారే. అంతకుముందు రాత్రి దాన్ని దుప్పట్ల కింద దాచిందీ తాయారే.

ఉపశమని జానెడు వెడల్పున్న మెత్తటి పట్టీ. కడుపులో నొప్పి వస్తే నడుముకు చుట్టుకుంటారు. అది పొట్టను వెచ్చబెడుతుంది, లోపలి కదలికలు వింటుంది, నాడి చూస్తుంది. మామూలు నొప్పయితే మజ్జిగ తాగి పడుకోమంటుంది. కాకపోతే తానే వైద్యశాలకు కబురు పెడుతుంది. అది వచ్చాక కడుపునొప్పికని డాక్టరు గడప తొక్కేవాళ్ళే తగ్గిపోయారు.

అయితే దాని అసలు మహిమ వేడిలో లేదు, చేతిలో ఉంది. అయినవాళ్ళ అరచెయ్యి తగిలితే పొట్ట సడలుతుందని కనిపెట్టినవాళ్ళు, ఒక మనిషి స్పర్శను పట్టీకి నేర్పే విద్య కూడా కనిపెట్టారు. ఒక పట్టీకి ఒకటే చెయ్యి. కొత్తది నేర్పితే పాతది చెరిగిపోతుంది. గోదావరి లంకల్లో అదొక పెళ్ళితంతు అయి కూర్చుంది. తలంబ్రాలయ్యాక హస్తబోధ.

వీర్రాజు పట్టీలో ఉన్నది సుభాషిణి చెయ్యి. ఆమె పోయిన తరవాత అతను తాయారును చేసుకున్నాడు. హస్తబోధ దగ్గరికి వచ్చేసరికి, "తరవాత చూద్దాంలే" అన్నాడు. ఆ తరవాత రానేలేదు.

అతనికి కడుపునొప్పులు మాత్రం వచ్చేవి. కావాలనే ఆవకాయ రెండోసారి కలుపుకునేవాడు. సాయంత్రం పట్టీ చుట్టుకుని కళ్ళు మూసుకుంటే అతని ముఖంలోకి వచ్చే నెమ్మదిని తాయారు వంటింటి గుమ్మంలోంచి చూసేది. బతికున్న సవతైతే జుట్టు పట్టుకుని అడగవచ్చు. లేని మనిషి చేత్తో ఎలా పోట్లాడడం?

"తాయారూ, బొడ్డు చుట్టూ మెలిపెడుతోందే. పట్టీ దొరికిందా?"

"లేదండి. రోజూ కౌగిలించుకుని పడుకునేవారు మీరు. నన్నడిగితే ఏం చెప్పను?"

"వెటకారాలకిదా సమయం?"

"వాము వేసి నీళ్ళు కాచాను, తాగండి. మా అమ్మమ్మకి అదే పట్టీ."

తాగాడు. కాసేపటికే కక్కుకున్నాడు.

"బాగానే రక్తికట్టిస్తున్నారు" అంది తాయారు, గచ్చు తుడుస్తూ.

మధ్యాహ్నం కంచం ముందు పెడితే ఆవకాయ జాడీ వైపు కూడా చూడలేదు. ఆ తరవాత పట్టీ గురించి అడగడం మానేశాడు. అప్పుడు భయం వేసింది ఆమెకు. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒళ్ళు కాలిపోతోంది.

"ఎక్కడండీ నొప్పి? బొడ్డు దగ్గరేనా?"

"కాదే. కిందకి దిగింది. కుడిపక్కకి."

తాయారు అక్కడ చెయ్యి వేసింది. పొట్ట పలకలా బిగిసి ఉంది. మెల్లగా నొక్కితే పళ్ళ బిగువున ఓర్చుకున్నాడు. చెయ్యి తీసేసరికి మాత్రం వీధిలోకి వినిపించేలా అరిచాడు. ఆమె ఇంక ఆగలేదు. వైద్యశాల పడవను పిలిచింది.

అపెండిక్స్ పగలబోతోందని వెంటనే ఆపరేషన్ చేశారు. బయటికి వచ్చిన డాక్టరమ్మ అడిగింది: "పట్టీ కట్టలేదామ్మా?"

"కనపడలేదండి."

"అదే మేలయింది. బాగా ఇష్టమైన చెయ్యి తగిలితే కొందరికి లోపల వాచిపోతున్నా నాడి నెమ్మదిస్తుంది, పొట్ట సడలుతుంది. పట్టీ అది చూసి ఇంట్లోనే ఉండమంటుంది. తయారుచేసినవాళ్ళు కూడా ఊహించలేదిది. ఇకమీద నొప్పి చోటు మారినా, పెరుగుతూ పోయినా, జ్వరం తగిలినా, వాంతులు ఆగకపోయినా, పట్టీ ఏం చెప్పినా వినకండి. వచ్చెయ్యండి."

ఆ మాటకు తాయారు సంతోషించవలసింది. ఆమె చెవిన పడింది వేరు. ప్రాణం పోతున్నా తెలియనివ్వనంత హాయి ఉందట ఆ చేతిలో. తన చెయ్యి తగిలితే కేక పెట్టాడు.

మర్నాడు నర్సు కొత్త పట్టీ తెచ్చింది. "పాతది పోయిందన్నారుగా. మీ చెయ్యి పెట్టండమ్మా, క్షణంలో అయిపోద్ది."

తాయారు భర్త వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు.

"పోలేదండి" అంది ఆమె. "నేనే దాచాను. దుప్పట్ల కింద ఉంది."

వీర్రాజు చివాలున తల తిప్పాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"చెరపలేదుగా?" అన్నాడు.

"లేదండి."

అతను ఊపిరి వదిలి కళ్ళు మూసుకున్నాడు. నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పట్టీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. తాయారు గ్లాసులో నీళ్ళు పోసి అతనికి అందేలా జరిపింది.

కొత్త పట్టీకి ఇంకా ఎవరి చెయ్యీ నేర్పలేదు.