ఏడో చోటు

మిట్టమధ్యాహ్నం! మనిషి నీడ సైతం భయపడి కాళ్ళ కిందకి దూరే ఘోరముహూర్తం... ఆకాశంలో మబ్బుతునక లేదు, అయినా ఎక్కడో ఉరుము! పట్టపగలు గుడ్లగూబ కూసింది. దిబ్బ నడుమ తవ్విన విశాలమైన గోతిలోంచి ఏడో అస్థిపంజరాన్ని పైకి తీశారు. ఆ క్షణమే పక్క డేరాలోంచి ఒక ఆడపిల్ల గొంతు చీల్చుకుని అరిచింది... ఆ గొంతు ఆమెది కాదు!

తవ్వకంలో దొరికిన ఎముకల్ని కడగడం ఆ పిల్ల పని. ఆమె అక్క పటాలు గీస్తుంది. ఏ ఎముక ఎక్కడ, ఎంత లోతున, ఏ దిక్కుకి తిరిగి ఉందో కొలిచి కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. తల్లీతండ్రీ లేని ఆ ఇద్దరికీ ఒకరికొకరే దిక్కు. అక్క పరుగున వెళ్ళి చెల్లెల్ని పొదివి పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది. కళ్ళలో నల్లగుడ్డు కనిపించడం లేదు.

"రేపు ఈ వేళకి ఈ ఒళ్ళు నాది," అంది చెల్లెలి నోరు.

అక్క పటం తెరిచింది. గుండ్రంగా ఏడు అస్థిపంజరాలు... ఏడూ కూర్చున్నవే, ఏడూ లోపలికి చూస్తున్నవే! నడుమ ఎనిమిదోది, బోర్లా. ఒక్కొక్కదాన్నీ ఏ రోజు తీశారో పక్కనే ఉంది. మొదటిదాన్ని తీసిన రోజు చెల్లెలు అన్నం మానేసింది. మూడోదాన్ని తీసిన రోజు అక్కనే ఎవరని అడిగింది. అయిదోదాన్ని తీశాక నిద్రలో మగగొంతుతో నవ్వింది. అవి సమాధులు కావు, నడిమివాడికి కాపలా! రోజుకొకటి చొప్పున, సరిగ్గా మధ్యాహ్నానికే తీయాలని పట్టుబట్టినవాడు తవ్వకానికి అధిపతి, పెద్దసారు. ఆయన చదువుకి లోకం దణ్ణాలు పెట్టేది. ఆ చదువు వెనక ఇంకే చదువుందో ఎవరూ అడగలేదు.

అక్క వెళ్ళి నిలదీసింది. ఆ దుర్మార్గుడు కాదనను కూడా లేదు.

"చచ్చినవాళ్ళ ఎముకలు ఏరి ఏరి విసిగిపోయాను. ఆ నడిమివాడు నాకు చావు లేకుండా చేస్తాడు. బదులుగా వాడికో ఒళ్ళు కావాలి, అంతే."

ఆమె అతని కాళ్ళ మీద పడి ఏడ్చింది. తననే తీసుకోమంది. గోతిలోనే ఉన్న నడిమి పుర్రెని కడుగుతుండగా వేలు తెగి, దాని మీద చెల్లెలి నెత్తురు పడింది కాబట్టి ఆ పిల్లే కావాలన్నాడు. ఆ వేలు దానంతటదే తెగిందో, తెగేలా చేశాడో! అయితే ఎముకల్ని మళ్ళీ వాటి చోట్ల పెట్టేస్తానంది అక్క. అతను లేచి, బండరాయితో ఆమె కంప్యూటర్ని నుజ్జునుజ్జు చేశాడు. ఇప్పుడు పెట్టుకోమన్నాడు.

అంతటితో ఆగలేదు. ఆ పటాల సాఫ్ట్‌వేర్ యజమానిని పట్టుకుని, మిగతా నకళ్ళు కూడా మాయం చేయించాలని సాయంత్రం దాకా ఫోన్లు తిప్పాడు. యజమాని ఉంటే కదా! ఎవరెవరో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని లోకానికి వదిలేసిన వస్తువు అది. అన్ని మంత్రాలు నేర్చిన మహానుభావుడికి ఈ ముక్క ఎక్కలేదు, పాపం.

కానీ పటం నకలు ఒకటి కూలీల మేస్త్రి ఫోన్లో భద్రంగా ఉంది. గోతిలో నిలబడి ఎముకల చోట్లకి గుర్తుగా చుక్కలు పెట్టేది ఆ ముసలాయనే, అందుకని రోజూ పొద్దున్నే ఆమే ఎక్కించి ఇచ్చేది. తెల్లవారగానే ఇద్దరూ పెట్టెలు మోసుకుని గోతిలోకి దిగారు. మేస్త్రి ఫోన్ చూసి అంకె చెబుతుంటే ఆమె టేపు లాగి ఎముక పెట్టింది. మొదటి కాపలాదారు కూర్చున్నాడు... రెండు... మూడు! నాలుగోవాడు కూర్చునేసరికి డేరాలో చెల్లెలు అక్కని పేరు పెట్టి పిలిచింది. అక్క ఏడుస్తూనే కొలిచింది. ఆరు!

ఏడో పెట్టె తెరిచారు. ఖాళీ!

తలెత్తి చూస్తే, ఎప్పుడు దిగాడో, గోతి నడుమ, బోర్లా పడ్డ ఆ పుర్రె పక్కన, పెద్దసారు కూర్చుని ఉన్నాడు. అతని చుట్టూ తెల్లని పొడితో గీసిన వలయం. ఏడోవాడి ఎముకలన్నీ ఆ పొడిలోనే ఉన్నాయి... సూర్యుడు నడినెత్తికి వచ్చేశాడు. డేరాలో కేక! మళ్ళీ ఆ పరాయి గొంతు!

అక్క ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత నడిచి వెళ్ళి, ఏడో చోట కూర్చోబోయింది. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"బతికున్న మనిషి కూర్చునే చోటు కాదు తల్లీ అది."

"చెల్లి పోతే నేను బతికున్నట్టా బాబాయ్? కొలత చెప్పు."

మేస్త్రి కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు. ఇంకో రెండు వేళ్ళు ఎడమకి... మొహం కాస్త పైకి... చాలు. ఆమె ఎనిమిదోవాడి వైపు చూసింది.

ఉరుము భూమిలోంచి వచ్చింది! ఆరు పుర్రెల కంటిగుంటల్లోంచి ధూళి రాలింది. చెల్లెల్ని వదిలి బయటపడిన ఆ పిశాచం ఏడు చోట్ల నడుమ చిక్కుకుని గిర్రున తిరిగింది... దారి లేదు! లోపల ఉన్న ఒళ్ళు ఒక్కటే. మంత్రం సగంలో పెద్దసారు గొంతు పూడుకుపోయింది. కీళ్ళు ఒక్కొక్కటే వెనక్కి తిరిగాయి. చావు లేని బతుకు కోరినవాడు మట్టి కరుచుకుని, వేడుకుంటూ అక్క వైపు పాకాడు.

"లే అమ్మా... ఒక్కసారి లే! నీ చెల్లెల్ని వదిలేశాను!"

ఆమె కదల్లేదు. రెప్ప వెయ్యలేదు. నేల నోరు తెరిచి అతన్ని నడుము దాకా, మెడ దాకా, నెత్తి దాకా మింగింది.

మేస్త్రి వెళ్ళి చెల్లెల్ని నడిపించుకుని వచ్చాడు. ఆ పిల్ల గోతి గట్టున కూలబడి, తన సొంత గొంతుతో నీళ్ళు అడిగి, చెంబెడూ గటగటా తాగింది. అక్క మెల్లగా లేచింది. చెల్లెలికి ఏమీ కాలేదు. అక్క గట్టెక్కి ఆ తలని గుండెకి హత్తుకుని, ఇన్నాళ్ళ ఏడుపూ ఏడ్చింది.

అప్పుడు దూరంగా వాహనాల చప్పుడు వినిపించింది. గోతిలో మనిషి కూరుకుపోవడం పైనుంచి చూసిన కూలీలు అప్పటికే కబురు పెట్టేశారు.

"పెద్దసారుని తవ్వి తియ్యడానికి వస్తున్నారు తల్లీ," అన్నాడు మేస్త్రి. "ఆయనతో పాటు వాడూ బయటికొస్తాడు. మనం చెప్తే ఎవరు నమ్ముతారు?"

చెల్లెలు అక్క చెయ్యి వదల్లేదు. అక్క ఆ వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీసింది. దాన్ని ఇక్కణ్ణుంచి ఎంత దూరమైతే అంత దూరం తీసుకుపొమ్మని మేస్త్రికి చెప్పింది. గోతిలోకి దిగి, ఏడో చోట కూర్చుని, లోపలికి చూసింది.