లంగరుకు రెండు మట్టలు

“సంతకం పెట్టను. చెయ్యి నరికినా పెట్టను!”

అస్సుంతా లొద్దో ఆ కాగితాన్ని బల్లమీద విసిరికొట్టింది. ప్రైవేట్ డిటెక్టివ్ గవీనా దెత్తోరి కళ్లజోడు సవరించుకుని దాన్ని చదివింది. సముద్రపు గడ్డిమీద లంగరు వేసి నిర్లక్ష్యంగా వెళ్లిపోయానని, అందువల్లే ఆదివారం తన తెరచాప పడవ కొట్టుకుపోయి రేవు మెట్లు విరగ్గొట్టిందని, ఇక కాలా మిర్తా తీరంలో ఎన్నడూ లంగరు వేయనని అస్సుంతా ఒప్పుకుంటున్నట్టు అందులో రాసి ఉంది. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే తీరం కమిటీ పడవనే జప్తు చేస్తుంది.

“గడ్డిలో లంగరు పట్టదని ఈ ఊళ్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నాకు తెలీదా? శనివారం ఇసుకలోనే దించాను. నలభై ఏళ్లుగా అదే చోటు. ఆదివారం చర్చిలో పది గంటల పూజకి వెళ్లా. పూజ అయ్యేసరికి గాలి లేచింది, పడవ మెట్లమీద ఉంది.”

“లంగరుకి తేలే బెండు కట్టావా పిన్నీ?” అని అడిగాడు సహాయకుడు బోరె.

“కట్టకుండానా? అడుగున పాత గొలుసులున్నాయి. లంగరు ఇరుక్కుంటే బెండు తాడు పట్టుకుని పైకి లాగాలి కదా.”

“మట్ట?” అంది గవీనా.

“మట్ట లేకుండా లంగరు దించేదెవరమ్మా? నువ్వసలు ఈ ఊరిదానివేనా?”

గవీనా నవ్వింది. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారంనాడు ఫాదర్ ఆశీర్వదించిన ఈతాకును అక్కడ ప్రతి ఇల్లూ తనదైన పద్ధతిలో అల్లుతుంది. ఆ అల్లికే మట్ట. ఒకటి గుమ్మానికి కడతారు. మిగిలినవి దాచుకుని, లంగరు దించిన ప్రతిసారీ ఒకటి దానికి కడతారు. లంగరు ఎత్తాక ఆ మట్టను ఇంటికి తెచ్చి పొయ్యిలో వేస్తారు. ఎవరి మట్ట వారే విప్పాలి.

కమిటీ షెడ్డులో లంగరు ఇంకా గడ్డి చుట్టుకునే ఉంది. అధ్యక్షుడు ప్రియామో లెద్దా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

“చూశారుగా? పళ్ల నిండా గడ్డే. ఇంకేం కావాలి మీకు?”

“పెద్దాయనా, దీన్ని ఎవరైనా శుభ్రం చేశారా?”

“ముట్టుకోనివ్వలేదు. సాక్ష్యం కదా.”

గవీనా నేలమీద కూర్చుని గడ్డిని పోచ పోచగా విడదీసింది. లంగరు కడియం దగ్గర మూడు పాయల జడలా అల్లిన మట్ట కనిపించింది. దాని పక్కనే ముద్దయిపోయిన ఇంకో మట్ట ఉంది. రెంటినీ చేతిరుమాలులో పెట్టుకుంది.

దారిలో అస్సుంతా గుమ్మం ముందు ఆగారు. అక్కడ మూడు పాయల జడ వేలాడుతోంది. తర్వాత తీరంలోని కొత్త హోటల్ ముందు ఆగారు. దాని యజమాని బాయింజో సొత్జు ఎదురొచ్చాడు. ఆ గుమ్మానికి చిన్న చేపలా అల్లిన మట్ట ఉంది.

“రండక్కా, వేయించిన చేపలు తిందురుగాని. ఆ ముసలిదాని పడవ గొడవేనా? దానికి కళ్లు ఆనట్లేదు, పాపం.”

“పిన్ని లంగరు వేసే చోట నువ్వు తేలే అరుగు కట్టి బల్లలు వేస్తావట?”

“కమిటీ ఇస్తే వేస్తా. తప్పా?”

“తప్పేం లేదు. గుమ్మానికి అల్లిక బాగుంది.”

“మా అమ్మ చేతిది. ఎనభై ఆరేళ్లు, వేళ్లు వణుకుతున్నా ఇంకొకరిని అల్లనివ్వదు.”

సాయంత్రం అందరూ షెడ్డులో కూడారు. అస్సుంతా చేతులు కట్టుకుని నిలబడింది.

“పెద్దాయనా, లంగరు ఒక్కసారి దిగితే ఎన్ని మట్టలుంటాయి?” అంది గవీనా.

“ఒకటి.”

ఆమె చేతిరుమాలు విప్పింది. కడిగి ఆరబెట్టిన మట్టలు రెండు.

“ఈ లంగరు రెండుసార్లు దిగింది. మొదట ఇసుకలోకి, అస్సుంతా పిన్ని జడతో. ఆదివారం ఊరంతా పూజలో ఉండగా ఒకరు చిన్న పడవలో వెళ్లారు. పిన్ని పడవ ఎక్కకుండానే బెండు తాడుతో లంగరు లేపి, పక్కనున్న గడ్డిమీదికి చేర్చారు. గాలి లేస్తే మిగతా పని దానంతటదే అవుతుంది. అయితే ఆ మనిషి ఈ ఊరివాడే. ఇంకొకరి మట్ట విప్పడానికి చెయ్యి రాలేదు. తన మట్ట కట్టకుండా లంగరు దించడానికి ధైర్యమూ చాలలేదు.”

రెండో మట్టను ఆమె బాయింజో ముందు పెట్టింది. అది చిన్న చేప. తోక దగ్గర పాయలు వదులుగా ఉన్నాయి, వణికే వేళ్లు అల్లినట్టు.

“దీనిమీద చెయ్యేసి చెప్పు. మీ ఇంటిది కాదని ఒక్క మాట చాలు. నేను వెళ్లిపోతా.”

బాయింజో చెయ్యి చాపి, మధ్యలోనే ఆపేశాడు.

“అమ్మ అల్లింది కాదని ఎలా అననక్కా?” అన్నాడు తల దించుకుని. “ముసల్ది నలభై ఏళ్లు ఆ చోటులో ఉంది కదా, ఇక చాలనుకున్నా.”

లెద్దా కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. మెట్లు బాయింజోయే బాగు చేయించాలన్నాడు. బయటికి వచ్చాక బోరె, “అంత భక్తి ఉన్నవాడు ఇంత పని ఎలా చేశాడక్కా?” అన్నాడు. “పూజలో నా గురించి నేనూ అదే ప్రశ్న వేసుకుంటా, బోరె,” అంది గవీనా.

షెడ్డు గుమ్మంలో అస్సుంతా ఆ చేపను బాయింజో చేతిలో పెట్టింది. “మీ పొయ్యిలో మీరే వేసుకోండి. మీ అమ్మకి చెప్పేది నువ్వే.”

మర్నాడు ఆమె అదే చోట, అదే ఇసుకలోకి, అందరూ చూస్తుండగా లంగరు దించింది. ఒడ్డునుంచి బోరె అరిచాడు. “ఇక బెండు కట్టకు పిన్నీ! మళ్లీ ఎవడో లాగుతాడు!”

“వాడికి భయపడి నా లంగరు నేను దాచుకోవాలా?” అని ఆమె కొత్త బెండు నీళ్లలోకి విసిరింది. ముందటిదానికి రెండింతలుంది. ఎర్రరంగు ఇంకా తడారనే లేదు.