తడపని తునికాకు

అది గోదారి మా ధర్మపురి కింది వాడను ముంచిన ఏడు. మా ఇల్లు మిట్ట మీద ఉంది. బీడీలు చుట్టే బుచ్చవ్వ, మందుల దుకాణంలో పనిచేసే వనజ చెరో సంచితో వచ్చారు, నాలుగు రోజులకని. నీళ్ళు పోయాయి. వాళ్ళు పోలేదు. ముగ్గురం చుట్టాలం కాము. పొయ్యి మాత్రం ఒకటే.

వాడకట్టుకు మా మీద అనుమానం. నాకు బుచ్చవ్వ మీద అనుమానం. మూడు రోజులుగా పొద్దూకగానే ఫోను పట్టుకుని పెరట్లోకి పోతుంది. నన్ను చూస్తే గొంతు తగ్గిస్తుంది. ఆమె మగడు పోయి పదేళ్ళు, నా ఇల్లాలు పోయి పన్నెండు. ఎవరైతే నాకేమి అనుకుంటూనే తలుపు చాటున నిలబడేవాణ్ణి.

ఆ మూడు రోజులూ నేను లోపలి గదిలో మగ్గం విప్పి, దాని గుంట పూడుస్తున్నాను. నలభై ఏళ్ళు కాళ్ళు పెట్టి నేసిన గుంట. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మూడో సాయంత్రం బుచ్చవ్వ తునికాకు తడపలేదు. ముందురోజు తడిపి గుడ్డలో చుట్టి పెడితేనే తెల్లారి ఆకు మెత్తగా వంగుతుంది. తడపలేదంటే రేపు ఇక్కడ బీడీ చుట్టదన్నమాట.

"అంబదాసు తాతా, పెద్దమ్మ సంచి సదురుతుంది. ఏమన్నవ్?" అంది వనజ.

"ఏమనలే."

"గదే నీ ప్రాబ్లం!"

బుచ్చవ్వ సంచితో గడప దాకా వచ్చింది. బయట వాన.

"ఎటు?"

"జగిత్యాలల కిరాయికి అర్ర దొరికింది."

"ఫోనుల ఎవరు?"

"మా వదినె. అర్ర చూస్తున్నది. చాటుకు నిలబడి ఇంటివి గదా, గిది ఇనపడలేదా?"

వనజ కిసుక్కున నవ్వింది.

"గుంట పూడుస్తున్నవ్. ఎవలకో మగ్గం అర్ర కిరాయికిస్తవ్. నోరు తెరిచి పొమ్మంటే పోతుంటి గదా," అంది బుచ్చవ్వ.

"కిరాయికి కాదు. వసారాల జల్లు కొట్టి నీ బీడీలు తడుస్తున్నయ్. ఆ అర్రకు కిటికీ ఉంది. వెల్తురుల కూసుంటవని."

నా జన్మలో అంత పొడుగు మాట అనలేదు.

"తాతా, గిది అర్ర చూపిచ్చుడా, ప్రపోజా?"

"రెండూ."

బుచ్చవ్వ కళ్ళు చిన్నవి చేసి చూసింది. "నిన్ను నమ్మాల్నా?"

"నమ్మకు. ఉండి చూడు."

ఆమె సంచి దించింది. తునికాకు కట్ట తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "అయితే నువ్వే తడుపు."

తడిపాను.

తెల్లవారి లేచి, కిటికీ కింద చాప పరిచి, బీడీలకు కట్టే దారం నా మగ్గం కండెకు చుట్టి ఆమె చేటలో పెట్టాను.