ఇవ్వని సీసా

ఉదయం ఎనిమిదీ యాభైకి, కాలవ గట్టు రోడ్డు మీద, వంతెన పక్కన శవం కనిపించింది.

దగ్గర్లోనే ఒక ఎలక్ట్రిక్ సైకిల్ పడి ఉంది. వెనక చక్రం వంకర పోయింది. ముందు చక్రం ఆఫీసుల వైపు తిరిగి ఉంది. భుజం బ్యాగు బోర్లా పడి, కాగితాలు చెదిరి ఉన్నాయి. ఫ్రేముకు బిగించిన స్టాండులో సీసా మాత్రం చెక్కు చెదరలేదు.

పోయినవాడు నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో కెమిస్టు. రోజూ సరిగ్గా ఎనిమిదికి ఇంట్లో బయలుదేరి, అంత దూరమూ సైకిల్ మీదే వెళ్ళేవాడు. కండలు తిరిగిన తోటి సైకిలిస్టులు ‘మోటారు బాబు’ అని ఆటపట్టించేవారు. నవ్వేసి వాళ్ళనే దాటుకుపోయేవాడట.

“హిట్ అండ్ రన్ మేడమ్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్. “ఎనిమిదింటికి బయల్దేరాడు. పది నిమిషాల్లో ఇక్కడికొచ్చాడు. ఎవడో వెనక నుంచి గుద్దేసి పోయాడు.”

ఇన్‌స్పెక్టర్ వంగి డిస్‌ప్లే బటన్ నొక్కింది. బ్యాటరీలో ఒక్క గీత. అదీ కొట్టుకుంటోంది.

“పది నిమిషాలకే ఖాళీ అయిందా?”

“చార్జింగ్ పెట్టడం మరిచిపోయుంటాడు మేడమ్. రాత్రి ఇంట్లో గొడవైందట.”

కావచ్చు. కానీ ఆ గీత ఆమెను వదల్లేదు.

*

మూడో అంతస్తు ఫ్లాట్. లోపల గదిలో ఆరేళ్ళ పాప నీరసంగా పడుకుని ఉంది. భార్య వంటగది గడప మీద కూర్చుంది. ఏడవడం లేదు. అదే చూడలేకపోయింది ఇన్‌స్పెక్టర్.

“ఆయన్ని నేనే చంపాను మేడమ్.”

“ఏం జరిగిందో చెప్పమ్మా.”

“నాలుగు రోజులుగా పాపకు వాంతులు. రాత్రి నోరు జారాను. ఊరందరి నీళ్ళూ పరీక్ష చేస్తారు, కన్నకూతురు తాగే నీళ్ళు చూసుకోలేరా అన్నాను. నేను పాప గదిలో తలుపేసుకుని పడుకున్నా.”

“పొద్దున చూశావా?”

“లేదు. ఏడూ యాభైకి ఫోన్ చేశారు. నీళ్ళ సీసా మరిచిపోయి కిందికి దిగితే అలాగే చేస్తారు. నేను తీసుకెళ్ళి ఇస్తాను. ఇవాళ కోపం ఇంకా తగ్గలేదు. కట్ చేశాను.” వంటగట్టు వైపు చూసింది. “మనసు పాడై, ధ్యాస లేకుండా తొక్కి ఉంటారు. గుక్కెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా పంపాను.”

వంటగట్టు మీద నీలం సీసా. నిండుగా ఉంది.

ఇన్‌స్పెక్టర్ తన ఫోన్‌లో ఉన్న ఫొటో చూపించింది. “మరి సైకిల్‌కున్న ఈ సీసా?”

“మాది కాదు. మాకు ఇదొక్కటే ఉంది.”

“బ్యాటరీ చార్జింగ్ ఎవరు పెట్టారు?”

“నేనే. ఎంత కోపమొచ్చినా అది మానను. పాపకు మందు వెయ్యడానికి లేచినప్పుడు చూశాను, పచ్చ లైటు వెలుగుతోంది.”

“సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఎంత మిగులుతుంది?”

“సగం పైనే. చొక్కా తడవకూడదని వెళ్ళేటప్పుడే మోటారు వాడతారు. వచ్చేటప్పుడు ఆపేస్తారు. ఈ పొట్ట కరగాలిగా అంటారు.” నవ్వబోయింది. ఆ నవ్వు ఏడుపైపోయింది.

*

సాయంత్రం ఆరింటికి ల్యాబ్ హెడ్ అదే ఫ్లాట్‌కు వచ్చాడు. ఇన్‌స్పెక్టరే రమ్మంది. ఆయన పరామర్శ ముఖం పెట్టుకుని కుర్చీ చివర కూర్చున్నాడు.

“ఇవాళ ఆయన ల్యాబ్‌కు వచ్చారా?”

“ఎలా వస్తాడండీ? దారిలోనే కదా పాపం...”

“మీరెన్నింటికి వచ్చారు?”

“తొమ్మిదిన్నరకి.”

ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవర్లోని సీసాను బల్ల మీద పెట్టింది. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

“మీరు బ్యాగు బోర్లించి వెతికింది దీనికోసమే. సైకిలన్నాక నీళ్ళ సీసా ఉంటుందిలే అని వదిలేశారు. మావాడూ అంతే. తాగే నీళ్ళ మూత మీద మీ ల్యాబ్ సీలెందుకుంటుందని అడగలేదు.” హెడ్ కానిస్టేబుల్ తల దించుకున్నాడు.

“ఇదంతా ఊహ.”

“బ్యాటరీ ఊహ కాదు. నిండుగా ఉన్నది ఖాళీ అయింది. అంటే పోను మోటారు, రాను మోటారు. రోజూ తీరిగ్గా తొక్కుకుంటూ వచ్చే దారిలో ఇవాళ పరుగు పెట్టాడు. ఆఫీసుకు కాదు. ఇంటికి. మీరే సైకిల్‌ని ఆఫీసు వైపు తిప్పి పెట్టారు.”

ఆయన తలుపు వైపు చూశాడు.

“పాప తగ్గకపోయేసరికి ఈ వీధి కుళాయి నీళ్ళు నిన్ననే పరీక్షకు పెట్టాడు. తెల్లారకముందే వెళ్ళి ఫలితం చూశాడు. మురుగు కలిసింది. మిమ్మల్ని పిలిచాడు. నెల రోజులుగా ఈ నీళ్ళు బాగున్నాయని సంతకం పెట్టింది మీరు. నోరు మూసుకోమన్నారు. మిగిలిన శాంపిల్ ఈ సీసాలో పట్టుకుని బయటపడ్డాడు. మీరు కారులో వెంటపడ్డారు. మీరు పారేసిన ఆ పరీక్ష ప్లేట్లు ల్యాబ్ చెత్తలో దొరికాయి. మీరు విప్పించిన కారు బంపర్ మా స్టేషన్లో ఉంది. ఏడూ యాభై ఫోన్ మీ ల్యాబ్ పక్క టవర్ నుంచి వచ్చింది.”

“ఊరు గగ్గోలైపోతుందన్నాను... వినలేదు,” అని గొణిగాడు ఆయన. హెడ్ కానిస్టేబుల్ రెక్క పట్టుకుని లేపాడు.

తలుపు మూసుకున్నాక భార్య అడిగింది: “అయితే ఆ ఫోన్ సీసా కోసం కాదా?”

“కాదమ్మా. పాపకు ఆ నీళ్ళు పట్టొద్దని చెప్పడానికి.”

“నేను ఫోన్ ఎత్తి ఉంటే, ఆయన అంత పరుగున వచ్చేవారా?”

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది సీసాను కవరుతో సహా తీసి పక్కన పెట్టింది.

లోపల్నుంచి పాప పిలిచింది. “అమ్మా, దాహం.”

ఇన్‌స్పెక్టర్ తను తెచ్చిన మంచినీళ్ళ డబ్బా మూత తీసింది. భార్య వంటగట్టు మీది నీలం సీసా అందుకుంది. పొద్దున ఆయనకు ఇవ్వని నీళ్ళు. చుక్క మిగలకుండా సింకులో ఒంపేసి, ఖాళీ సీసాను గుండెలకు అదుముకుంది.