రెండు ముక్కలైన ‘అఖాడా’

జగిత్యాలలో డిటెక్టివ్ విజయ ఆఫీసు మెట్లెక్కి వచ్చిన హరిప్రసాద్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మేడం, రేపు హైదరాబాద్ నుంచి ఆటల కంపెనోళ్లు నా ఆట చూసెటందుకు సిరిసిల్లకు అస్తున్నరు. పొద్దున చూస్తే నా ఆట పటం రెండు ముక్కలై ఉన్నది. పక్కనే జాన్ కత్తి. చిన్నప్పటి దోస్తు మీద కేసు పెట్టాల్నా? ఇంట్ల పెట్టుమనే అంటున్నరు.”

ఆ ఆట పేరు ‘అఖాడా’. పాతకాలపు రోమ్ నగరంలో ధనవంతులు జనం మెప్పు కోసం పోటీలు పడి వేడుకలు జరిపించేవారు. ఆడేవాళ్లంతా ఆ ధనవంతులే. సింహాలను దింపాలి, రథాలు తోలించాలి, కత్తివీరులను కొట్లాడించాలి. ఎవరికి ఎక్కువ చప్పట్లు వస్తే వాళ్లు పటం నడుమ చక్రవర్తి పక్కన కూర్చుంటారు. ఆలోచన హరిప్రసాద్‌ది. పావులు కోరుట్ల జాన్ టేకుతో చెక్కినవి. పటం మాత్రం అట్ట కాదు, మగ్గం మీద నేసిన ఎర్రని బట్ట.

సిరిసిల్ల దారిలో విజయ పక్కన అఖిల కూర్చుంది. విజయకు సహాయకురాలు ఆమె. విజయక్క తెలివంటే ఆమెకు ప్రాణం. అయినా పోయిన కేసు తేలినప్పుడు పేపర్లో అక్క ఫొటో ఒక్కటే పడితే ఆ పూట ముద్ద మింగుడుపడలేదు. ప్రేమ ఉన్నచోట కుళ్లు ఉండదని ఎవరన్నారో గానీ వాళ్లకు మనుషులు తెలియరు.

సిరిసిల్లలో హరిప్రసాద్ ఇంటి వెనుక షెడ్డులో సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, టకటకమని ఆడుతున్నాయి. బల్ల మీద పటం సరిగ్గా చక్రవర్తి ఆసనం మధ్య నుంచి రెండుగా చీలి ఉంది. విజయ కోత వెంట వేలు రాస్తూ పోయి, ఒకచోట ఆగింది. బట్ట నేత కొంచెం వంగిన చోటు అది.

బల్ల కింద వంగి చూసిన అఖిలకు చిన్న ఎర్ర పోగు చుట్ట దొరికింది. వేలికి చుట్టి తీసినంత పొందికగా ఉంది.

“అక్కా, గిది చూడు.”

విజయ చూసి, “నీ దగ్గరనే పెట్టు,” అంది. అంతే. అఖిల మనసు చివుక్కుమంది.

ముందు హరిప్రసాద్ భార్య సుస్మిత వచ్చింది.

“నాకు గా ఆటంటేనే మంట మేడం. పెండ్లాం కంటె సింహాలే ఎక్కువైనయి ఆయనకు. ఐనా కోసెటంత పని చేస్తనా?”

“జాన్ మీద అనుమానమెందుకు?”

“నిప్పు లేంది పొగ రాదు. మొన్న జగిత్యాల సభల గీ ఆట చూపిస్తే ఇద్దరికి శాలువలు కప్పిన్రు. అప్పటి సంది ఆట డబ్బా మీద ఎవరి పేరు ముందట అని ఇద్దరికి లొల్లే.”

“మీ బావ, హరిప్రసాద్ వాళ్ల అన్న, సభకు రాలేదా?”

“అచ్చిండు. ఎనుక నిలబడి చప్పట్లు కొట్టిండు.”

జాన్ కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “కత్తి నాదే. నిన్న సింహం తోక సరిజేసి ఈడనే మర్చిపోయిన. పేరు కోసం లొల్లి పెట్టుకున్నది గూడ నిజమే. గాని పటం కోసుకుంటే నా సింహాలు ఏడ నిలబడ్తయి మేడం?”

చివరికి హరిప్రసాద్ అన్న రాజమౌళి వచ్చాడు. షెడ్డు ఆయనదే.

“నాకేం ఎరుక? సాంచెల కాడ ఉన్న.”

“పటం నేసిందెవరు?”

“నేనే. మా నాయిన మగ్గం దులిపి నేసిన. తమ్ముడు చదువుల పడ్డడు, మగ్గం ఎక్కలే,” అన్నాడు నేల చూస్తూ.

విజయ అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది.

“చెక్క పని చేసే జాన్ కోస్తే ఎట్ల కోస్తడు? స్కేలు పెట్టి గీస్తడు. స్కేలు వంగదు. గీ కోత చూడుండ్రి, పోగు వంగినకాడ కోత గూడ వంగింది. అంటే కోసినాయన ముందుగాల ఒక్క పోగు గుంజి, గా సందు వెంట కత్తి నడిపిండు. గుంజిన పోగును గూడ పారెయ్య మనసొప్పలే, చుట్ట చుట్టిండు. నేతోళ్ల అలవాటు గద, చెయ్యి దానంతట అదే చేస్తది. గా పోగును ముందుగాల చూసింది నేను గాదు, మా అఖిల.”

అందరూ తన వైపు తిరిగేసరికి అఖిలకు ఒళ్లంతా వెచ్చబడింది. ఒక్క మాట! ఇంత చిన్న మాటకోసమా ఇన్నాళ్లు కడుపులో మంట? ఎదుట రాజమౌళి కూడా తననే చూస్తున్నాడు. ఆ చూపులో ఉన్నది ఆమెకు తెలిసినదే.

“బట్ట మీద పగబట్టి గూడ దాన్ని అడ్డదిడ్డంగ కొయ్యలేకపోయినవు రాజమౌళన్నా,” అంది విజయ మెల్లగా.

రాజమౌళి కోత అంచు మీద బొటనవేలు పెట్టాడు.

“నేనే కోసిన,” అన్నాడు రాజమౌళి. “సభల సింహాలు ఎవరు చేసిన్రంటే తమ్ముడు జాన్‌ను పిలిచిండు. ఆట ఎవరిదంటే తనే లేచిండు. కింద పరిచిన బట్ట ఎవరిదని ఒక్కలు అడగలే, వీడు చెప్పలే. పొరుగింటి పుల్లకూర రుచి అంటరు గద, గట్లయింది. కడుపు మండింది. జాన్ మీద నింద పడాలని గాదు, కత్తి కండ్ల పడ్డది, తీసిన. ఆయన మీద పడ్డంక నోరు లేవలే.”

“అన్నా, ఇంట్లోడివి గదా, నీకు వేరే చెప్పుడేంది అనుకున్న,” అన్నాడు హరిప్రసాద్.

“గదే తమ్మీ. ఇంట్లోడనే మర్చిపోయినవు.”

జాన్ లేచి రెండు ముక్కలూ తెచ్చి రాజమౌళి ముందు పెట్టాడు. “నన్ను దొంగను చేసినవు. అది నేను ఇప్పుడప్పుడే మర్చిపోను. కాని రేపటికి నా సింహాలకు నేల కావాలె. అతుకుతవా?”

రాజమౌళి చాలాసేపు బట్టను నిమిరాడు. తర్వాత అఖిల వైపు చేయి చాచాడు. “గా పోగు ఇటియ్యి బిడ్డా.”

సూదిలోకి పోగు ఎక్కిస్తూ తమ్ముడి ముఖం చూడకుండానే అన్నాడు, “ఎంత కుట్టినా అతుకు కనబడ్తది.”

“కనబడనియ్యి అన్నా,” అన్నాడు హరిప్రసాద్. “గిదేందని అడుగుతరు. అప్పుడు నీ పేరు చెప్త.”