కల్లుకుండ వేషం

కందనగిరి దుర్గపు బురుజులెక్కి చూచినవారికి నలుదిక్కులా శత్రుసేనల గుడారాలే కనిపించిన కాలమది. ఏనుగులు తొక్కిన చేలు, కాలిపోయిన పేటలు, వాటి మీద తిరిగే గద్దలు, వీటన్నిటినీ దాటి చూపు ఆనినంత మేర పరాయి జెండాలు ఎగురుతుండగా, కోటలోపల కాచభూపాలుడి కొలువు మాత్రం ఎప్పటిలాగే గంధం పూసుకుని, తాంబూలం వేసుకుని, వినోదం కోసం ఎదురుచూచేది. ఆకలి ఇంకా కొలువుదాకా రాలేదు మరి. అది ఉత్తరద్వారం దగ్గరే ఆగి ఉంది.

ఉత్తరద్వారాన్ని కాచేది కొండజనం. వారి పెద్ద బొల్లినాయకుడు. ముత్తాతల నాటినుండి ఆ ద్వారానికి కాపు వారే, దాని ముందు కూలిన వారూ వారే. అయినా కొలువులో వారికి కూర్చునే చోటు లేదు. తోళ్ళ కంపు కొడతారని, ఎలుకలు తింటారని, కుండెడు కల్లు పోస్తే కన్నతల్లినైనా అమ్ముతారని శాలువాలు కప్పుకున్న పెద్దలు నవ్వుకునేవారు. ఎవడి కాపలాలో నిద్రపోతున్నారో వాడినే అంత మాట అనడానికి ఆ పెద్దలకు నోరెలా వచ్చిందో! వారిలో అందరికన్నా ముందు నవ్వేవాడు మహామంత్రి వెన్నయామాత్యుడు.

ఆ మాటలు విని విని కడుపు మండినవాడు కోనప్ప. అతడు పగటివేషగాడు. పట్టపగలు ఏదో ఒక వేషం కట్టి, చూచినవారు నిజమైన మనిషే అనుకునేటట్లు తిరిగి, నవ్వించి, బహుమానం పుచ్చుకోవడం అతని కులవిద్య. ఒంటిమీద రంగు ఉన్నంతసేపు వేషగాడిపై చెయ్యి వేయరాదని కందనగిరిలో కట్టుబాటు. రాజు వేషం, మంత్రి వేషం మాత్రం కట్టరాదు. కడితే తల దక్కదు. చిన్ననాడే తల్లి పోయిన కోనప్పను బొల్లినాయకుడి తల్లి ఈరమ్మ తన కొడుకుతోపాటు అంబలి పోసి పెంచింది. ఆ ఇంటివాళ్ళను అంటే తనను అన్నట్టే అతనికి.

"వీళ్ళ మాటల్నే పెద్దవి చేసి వీళ్ళ ముందు ఆడిస్తాను. అవెంత రోతగా ఉన్నాయో కళ్ళారా చూచి సిగ్గుతో చస్తారు" అనుకున్నాడు కోనప్ప.

రాజుగారి జన్మదినాన అతడు నిండు కొలువులోకి తూలుతూ వచ్చాడు. చిరిగిన తోలు, మొలకు వేలాడే చచ్చిన ఎలుకలు, చంకలో కుండ.

"ఏలినోరికి దండాలు! నేను ఉత్తరపు వాకిలి బొల్లినాయకుణ్ణి. కుండ సగానికి పోత్తే గడియ తీత్తా. నిండా పోత్తే తలుపులు పీకి నెత్తిన మోసుకొచ్చి మీ శత్రువులకే అప్పజెప్తా!"

ఆ మాట అని కోనప్ప తలెత్తి, సిగ్గుపడే ముఖం కోసం వెదికాడు. ఒక్కటీ లేదు. కొలువంతా పగలబడి నవ్వింది. ప్రభువు కళ్ళలో నీళ్ళు తుడుచుకున్నాడు. వెన్నయామాత్యుడు ఆసనం దిగివచ్చి, తన శాలువా తీసి అతని భుజాన కప్పాడు.

"ఇంతకాలం మేము అనుకున్నదే నీవు కళ్ళకు కట్టించావు. భేష్, కోనప్పా, భేష్!"

అది మీ బుద్ధి, కొండవాళ్ళది కాదు అని కోనప్ప అప్పుడే అరిచి చెప్పవలసింది. చెప్పలేదు. శాలువా మెత్తగా ఉంది.

మర్నాటికల్లా ఆ వేషం వీధులకెక్కింది. బావుల దగ్గర కొండ ఆడవాళ్ళను చూచి "గడియ తీత్తావా?" అన్నారు మగవాళ్ళు. మంత్రి రాజు చెవిలో ఒక సలహా వేశాడు: "మహాప్రభూ, లోకమంతా ఎరిగిన సంగతిని మనం నవ్వి వదలరాదు. ముట్టడి ముగిసేవరకు కొండవారి ఆయుధాలు ఆయుధశాలలో ఉండుగాక. ఉత్తరద్వారాన నా జాగీరు భటులుంటారు." ఆ నవ్వు ఇంకా పెదవుల మీద ఉండగానే కాచభూపాలుడు తల ఊపాడు.

తాతల కత్తిని అప్పగించి వచ్చిన సాయంత్రం బొల్లినాయకుడు కోనప్పను పిలిపించాడు.

"నా వేషం నువ్వు కట్టావంట."

"నీకోసమే కట్టానన్నా! వాళ్ళ కుళ్ళు వాళ్ళకే చూపిద్దామని!"

"కుళ్ళు వాళ్ళదైతే వాళ్ళ వేషం కట్టాల. నాదెందుకు కట్టినావు?"

బొల్లినాయకుడు జవాబు కోసం ఆగలేదు.

"నే చెప్తా విను. మంత్రి వేషం కడితే తల పోద్ది. నాది కడితే శాలువా వత్తది. అందుకు కట్టినావు. నువ్వు నవ్వించావు, బాగానే ఉంది. నా బిడ్డలు రేపు ఏ బావి కాడికి పోవాల? నా అన్నదమ్ములు ఏం పట్టుకొని ఈ వాకిలి కాయాల?"

"వాళ్ళకు అర్థం కాలేదన్నా. ఇంకొంచెం ముదురుగా ఆడితే తప్పకుండా..."

"ఫో!" అన్నాడు బొల్లినాయకుడు. చిన్నప్పటినుండి అతను కోనప్పను ఆ మాట అనలేదు.

కోనప్పకు రోషం వచ్చింది. తన విద్యలో లోపం లేదని, రంగు చాలలేదని, ఇంకా రోతగా ఆడితే ఎంతటి మొద్దుకైనా తెలిసివస్తుందని మర్నాడు మళ్ళీ అదే వేషం కట్టాడు. మొలకు మరిన్ని ఎలుకలు కట్టాడు. పొద్దు పైకి రాకముందే ఉత్తరద్వారం పక్కన తాగి పడ్డ కొండవాడిలా పొర్లి, కొత్త భటులను ఆడించడానికి అదను కోసం చూస్తున్నాడు. కొలువులో ఆట చూడని ఆ జాగీరు భటులు అతన్ని నిజమైన తాగుబోతే అనుకుని కాలితో పక్కకు నెట్టారు. భోజనాల వేళ కావస్తుండగా వెన్నయామాత్యుడే స్వయంగా వచ్చాడు.

"కొలువు భోజనాలకు లేవగానే గడియ తీయండి. ఆవల వాగులో ముట్టడిదారుల దళం పొంచి ఉంది. నింద కొండవారి మీదికి పోతుంది. ఊరంతా ముందే నమ్మిన మాట అది, మనం కొత్తగా నమ్మించవలసిన పని లేదు."

"స్వామీ, వీడు వింటున్నాడేమో" అన్నాడొక భటుడు.

"వాడా?" మంత్రి చూడనైనా చూడలేదు. "వాడొక మనిషని నీవు లెక్కపెడుతున్నావా?"

కోనప్ప వీధి మలుపుదాకా పాకి, అక్కడినుండి పరుగెత్తాడు. రాజద్వారం దగ్గర కావలివాళ్ళ కాళ్ళమీద పడ్డాడు.

"ఉత్తరద్వారం తెరుస్తున్నారు! మంత్రి తెరిపిస్తున్నాడు! ప్రభువుతో చెప్పండి!"

"సగం కుండకా, నిండు కుండకా?" అని కావలివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"ఇది ఆట కాదురా! నేను కోనప్పనురా!"

"మొన్నటికన్నా నేడే బాగుంది. ఏడుపు కూడా కలిపాడు!" అని ఒకడు మరొకణ్ణి పిలిచి చూపించాడు. కోనప్ప ముఖాన్ని గోళ్ళతో రక్కుకున్నాడు. రంగు వదల్లేదు. అతడు ఎంత ఏడిస్తే వాళ్ళు అంత నవ్వారు.

చివరికి కోనప్ప కొండవాళ్ళ గుడిసెలవైపు పరుగెత్తాడు. అతని మాట నమ్మినవాడు కోటలో ఒక్కడే. బొల్లినాయకుడు ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కత్తి లేదు, బల్లెం లేదు. కొండజనం రోకళ్ళు, కట్టెలు, పొయ్యిరాళ్ళు పట్టుకుని ద్వారం మీదికి ఉరికారు. అప్పటికే తలుపు సగం తెరుచుకుంది. ఆ సందులోకి దూసుకువచ్చే ఈటెలకు రొమ్ములొడ్డి, పడినవాళ్ళ మీద నిలబడి, వారు ఆ తలుపును అంగుళం అంగుళంగా వెనక్కి నెట్టారు. పారిపోబోయిన ఇద్దరు జాగీరు భటులను ఆడవాళ్ళు పట్టుకుని కట్టేశారు. గడియ పడిన తరువాత చూస్తే, ఆ గడియకు వీపు ఆనించి బొల్లినాయకుడు కూర్చుని ఉన్నాడు. గాయాలన్నీ ముందువైపే ఉన్నాయి. ప్రాణం లేదు.

కోట దక్కింది. మర్నాడు కొలువులో వెన్నయామాత్యుడు లేచి, "మహాప్రభూ, అనుకున్నంతా అయింది. కొండవారు గడియ తీశారు. నా భటులు ప్రాణాలొడ్డి మూశారు" అన్నాడు. పెద్దలు తలలూపారు. ఒకడు "కుండ నిండే ఉంటుంది" అన్నాడు. అవతల శవాలు ఇంకా లేవలేదు. అయినా కొలువు నవ్వింది.

అప్పుడు వాకిట్లో మరొక వెన్నయామాత్యుడు కనిపించాడు. అదే నడక, అదే తలపాగా, భుజాన మంత్రి కప్పిన శాలువాయే. నవ్వు ఠక్కున ఆగిపోయింది.

"కొలువు భోజనాలకు లేవగానే గడియ తీయండి" అన్నాడు కోనప్ప, అచ్చం మంత్రి గొంతుతో. "నింద కొండవారి మీదికి పోతుంది. ఊరంతా ముందే నమ్మిన మాట అది." ఒక్క అక్షరం పెంచలేదు, ఒక్క వెకిలి చేష్ట కలపలేదు.

"ప్రభూ, ఈ వేషానికి తల ఇవ్వాలని నాకు తెలుసు. మొదటనే ఇవ్వవలసిన తల ఇది. పట్టుబడిన భటులను పిలిపించి, వీరి ఎదుటనే అడగండి."

భటులు వచ్చారు. ఇద్దరు వెన్నయామాత్యులను చూచి, ఉన్నదంతా కక్కారు. మంత్రికి సంకెళ్ళు పడ్డాయి. కాచభూపాలుడు సింహాసనం దిగి, బొల్లినాయకుడి భౌతికకాయానికి రాజలాంఛనాలు ప్రకటించి, కోనప్ప తల కాచి, ఇంకొక శాలువా ఇచ్చాడు. పోయిన ప్రాణాలకు కొలువుకు తోచినదల్లా బట్టే!

పాడె లేచిన మర్నాడు కోనప్ప రెండు శాలువాలనూ ఈరమ్మ పాదాల దగ్గర పెట్టి, నేలమీద పడి ఏడ్చాడు. ఆమె వాటిని ముట్టలేదు. "లే. నా కొడుకు పానం పోయిన తావు చూపీ" అంది.

ఉత్తరద్వారం దగ్గర రాజుగారి సొంత భటులు కొత్తగా కాపలా ఉన్నారు. రాతిమీద నెత్తురు కడుగుతున్నారు. విసుగు తీరడానికి ఒకడు ఖాళీ నీళ్ళకుండ చంకలో పెట్టుకుని తూలుతున్నాడు.

"నేను బొల్లినాయకుణ్ణి! నిండా పోత్తే తలుపులు పీకి..."

మిగతావాళ్ళు నవ్వుతున్నారు. వాళ్ళకు బొల్లినాయకుడంటే ద్వేషమేమీ లేదు. నిన్ననే అతని పాడెకు భుజం పట్టినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఆడుతున్నవాడు కోనప్పను చూచి సంబరంగా దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, మీరే వచ్చారా! తూలడం కుదిరింది కానీ ఆ గొంతు పలకడం లేదు. ఇలాగేనా?"

ఈరమ్మ కడిగిన రాతి దగ్గర కూర్చుని, తడి నేల మీద చెయ్యి ఆనించి, తల ఎత్తింది.

"చెప్పు నాయనా, అడుగుతున్నాడుగా. సరిగ్గా వచ్చిందా వాడికి?"